తీగ లేని మాటకు తాళం: వైఫై గోప్యత - క్షేత్ర పరిశోధకుల బాధ్యత

వ్యాససంగ్రహం:
వైఫైలో సందేశం గాలిలో ప్రయాణిస్తుంది. దానిని ఇతరులు వినకుండా ఆపడం దాదాపు అసాధ్యం. విన్నా అర్థం కాకుండా చేయడమే సాధ్యం. ఈ దృష్టితో వైఫై భద్రతాపద్ధతుల పరిణామాన్ని వివరించి, జానపద, గిరిజన విజ్ఞాన పరిశోధకులు పాటించవలసిన జాగ్రత్తలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వైఫై, గూఢలేఖనం, తాళంచెవి, గోప్యత, క్షేత్రపర్యటన, కారేపల్లి.

1. ఉపోద్ఘాతం:
ఖమ్మం జిల్లా సింగరేణి మండలానికి కేంద్రం కారేపల్లి. డోర్నకల్ - భద్రాచలం రోడ్డు రైలుమార్గంలో ఉన్న ఈ ఊరి చుట్టూ లంబాడీ తండాలున్నాయి. భద్రాచలం అడవుల వైపు సాగితే కోయగూడేలు కనిపిస్తాయి. ఇటువంటి ప్రాంతంలో పాటలు, కథలు సేకరించే పరిశోధకులు వాటిని ఫోనులో రికార్డు చేసి, అందుబాటులో ఉన్న వైఫై ద్వారా పర్యవేక్షకులకు పంపడం నేడు సాధారణమైంది. ఆ రికార్డులో పాట ఒక్కటే ఉండదు. వక్త నమ్మి చెప్పిన భూమి తగాదా, అప్పు, అనారోగ్యం కూడా ఉండవచ్చు. అందువల్ల వాటిని పంపే మార్గం గురించి తెలుసుకోవడం పరిశోధననీతిలో భాగమే.

2. వినబడినా తెలియని మాట:
తీగ మీద వెళ్లే సందేశాన్ని దొంగిలించాలంటే ఆ తీగను చేరుకోవాలి. రౌటర్ వెలువరించే రేడియో తరంగాలు మాత్రం గోడ దగ్గర ఆగవు. పరిధిలో ఉన్న ఏ పరికరమైనా వాటిని అందుకోగలదు.

తెలుగు పిల్లల ‘క’ భాషను ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. ప్రతి అక్షరానికి ముందు ‘క’ చేర్చితే ‘రామ’ అనే మాట ‘కరాకమ’ అవుతుంది. పక్కవారు వింటారు గాని గ్రహించలేరు. వాత్స్యాయనుడు 64 కళలలో చేర్చిన మ్లేచ్ఛితవికల్పం కూడా ఇటువంటి మర్మభాషా నైపుణ్యమే. అయితే పద్ధతి తెలిసిన మరుక్షణం ‘క’ భాషలో రహస్యం మిగలదు. పద్ధతి శత్రువుకు తెలిసినా, తాళంచెవి తెలియనంతవరకు సందేశం భద్రంగా ఉండాలని 1883లో ఆగస్ట్ కెర్క్‌హోఫ్స్ ప్రతిపాదించాడు. ఆధునిక గూఢలేఖనానికి ఇదే పునాది.

3. వైఫై తాళాల పరిణామం:
1997 నాటి తొలి వైఫై ప్రమాణంలోని ‘వెప్’ పద్ధతి తాళంచెవులను వాడే తీరులో లోపముందని 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ నిరూపించారు. 2003లో డబ్ల్యూపీఏ, 2004లో మరింత దృఢమైన డబ్ల్యూపీఏ2 వచ్చాయి. 2017లో మాథీ వాన్‌హూఫ్ డబ్ల్యూపీఏ2లోనూ ఒక లోపాన్ని బయటపెట్టాడు. 2018లో డబ్ల్యూపీఏ3 వెలువడింది.

వసతిగృహాలలో, గ్రంథాలయాలలో గోడకు అంటించే ఉమ్మడి పాస్‌వర్డ్ విషయంలో ఒక ముఖ్యాంశం గమనించాలి. డబ్ల్యూపీఏ2లో ఒక్కొక్క పరికరానికి వేరువేరు తాళంచెవి ఏర్పడుతుంది. కాని అది ఆ పాస్‌వర్డ్ నుండి, పరికరం చేరేటప్పుడు గాలిలో బహిరంగంగా మారే సంఖ్యల నుండి పుడుతుంది. పాస్‌వర్డ్ తెలిసినవారు ఆ తొలి సంభాషణను పట్టుకుంటే తోటివారి తాళంచెవిని తామే తయారుచేసుకోగలరు. డబ్ల్యూపీఏ3 ఈ మార్గాన్ని మూసివేసింది. అయినా పాస్‌వర్డ్ తెలిసినవారు అదే పేరుతో నకిలీ రౌటర్ పెట్టే ప్రమాదం మిగిలే ఉంది.

4. పాటించవలసిన జాగ్రత్తలు:
అ) పాస్‌వర్డ్ లేని వైఫైకి బదులు సొంత ఫోను హాట్‌స్పాట్ వాడాలి. దానికి పరస్పర సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఆంగ్ల లిపిలో కూర్చిన పొడవైన పాస్‌వర్డ్ పెట్టుకోవాలి.
ఆ) కళాశాలలు ఉమ్మడి పాస్‌వర్డ్‌కు బదులు ప్రతి వ్యక్తికీ వేరు లాగిన్ ఇవ్వాలి. మనదేశంలో ఎర్‌నెట్ నిర్వహిస్తున్న ఎడ్యురోమ్ ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది.
ఇ) ‘హెచ్‌టీటీపీఎస్’ ఉన్న వెబ్‌సైట్లలో విషయం భద్రంగా ఉంటుంది, ఏ సైటుకు వెళ్లామన్నది మాత్రం బయటికి తెలిసే అవకాశముంది. ధ్రువపత్రం సరిగా లేదన్న హెచ్చరిక వస్తే ముందుకు వెళ్లరాదు.
ఈ) రికార్డులను పంపడానికి ముందే ఫైలుకు తాళం వేసి, దాని పాస్‌వర్డ్‌ను వేరే మార్గంలో తెలపాలి.

5. ముగింపు:
గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో తీర్పునిచ్చింది. తండాలో, గూడెంలో పాట చెప్పిన వక్తకూ ఆ హక్కు ఉంది. రికార్డు ఎలా భద్రపరుస్తారో, ఎలా పంపుతారో వక్తకు తన భాషలో వివరించి సమ్మతి తీసుకోవాలి. తెలుగు శాఖలు పరిశోధన పద్ధతుల పాఠ్యాంశంలో ఈ విషయాన్ని చేర్చడం అవసరం.