కామెంట్

కామెంట్ అనునది ఆంగ్ల భాషాపదము. దీనికి తెలుగులో వ్యాఖ్య, వ్యాఖ్యానము, టీక అని అర్థములు గలవు. ఈ పదము లాటిన్ భాషలోని కొమెంటుమ్ అను మాట నుండి వచ్చినది. ఆ మాటకు మొదట కల్పన అని అర్థము. వివరణ అను అర్థము తరువాత ఏర్పడినది.

వ్యాఖ్య, టీక

తెలుగునాట వ్యాఖ్య గౌరవప్రదమైన మాట. మెదకు సీమలోని కొలిచెలమ (నేటి కొల్చారం)కు చెందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యములకు సంజీవని, కిరాతార్జునీయమునకు ఘంటాపథము అను వ్యాఖ్యలు వ్రాసి, వ్యాఖ్యాతగానే ప్రసిద్ధి కెక్కెను.

నిర్మల్ జిల్లాలోని భైంసా మహారాష్ట్ర సరిహద్దున ఉన్నది. ఇక్కడ తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడును వినబడును. తెలుగువారికి టీక అనగా పద్యమునకు ప్రతిపదార్థము. మరాఠీలోనూ పూర్వము అట్టి అర్థమే ఉండెను. 1290లో జ్ఞానేశ్వరుడు భగవద్గీతకు చేసిన జ్ఞానేశ్వరి టీకయే. కాని నేటి మరాఠీలో 'టీకా చేయుట' అనగా విమర్శించుట, తప్పుపట్టుట. ఉర్దూలో వ్యాఖ్యకు తబ్సిరా అందురు. కావున "టీకా చేసినాడు" అన్న మాటను పొరుగు భాషవారు మరొక విధముగా గ్రహించుటకు వీలున్నది. సూదిమందునకు వాడు టీకాతో దీనికి పొత్తు లేదు.

వాడుక

పత్రికలలో "అనుచిత వ్యాఖ్యలు" అను ప్రయోగము తరచు కనిపించును. వాడుక తెలుగులో కామెంట్ మరికొంత దూరము పోయినది. ఆంగ్లములో ఒక విషయముపై కామెంట్ చేయుదురు. తెలుగులో మనిషినే కామెంట్ చేయుదురు. "నన్ను కామెంట్ చేసిండు" అని బాలిక చెప్పినచో, అది అభిప్రాయము కాదు, వేధింపు. దీనిని "వ్యాఖ్య చేసినాడు" అని గ్రాంథికముగా మార్చినచో నేరము తేలికపడి కనిపించును. ఈ రెండు మాటలను సమానార్థకములుగా ఎంచుట సరికాదు.

చట్టము

స్త్రీని ఉద్దేశించి లైంగికార్థము గల మాటలనుట లైంగిక వేధింపుగా 2013లో భారత శిక్షాస్మృతి 354ఏ సెక్షనులో చేరినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో ఇది 75వ సెక్షను. ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. స్త్రీ మర్యాదను అవమానించు ఉద్దేశముతో పలికిన మాటలకు, చేసిన సైగలకు 79వ సెక్షను క్రింద మూడేళ్ల వరకు సాధారణ జైలు, జరిమానా కలవు. ఫిర్యాదులో "కామెంట్ చేసినాడు" అని మాత్రమే వ్రాసిన అతడు ఏమనెనో తెలియదు. అన్న మాటలను, అవి ఏ భాషలోనివైనను, ఉన్నదున్నట్లు వ్రాయుట మేలు.

ప్రజల ముందుంచిన రచన లేదా ప్రదర్శన గుణదోషములపై సద్బుద్ధితో చెప్పిన అభిప్రాయము మాత్రము పరువునష్టము కాదని అదే సంహిత 356వ సెక్షను మినహాయించుచున్నది. మల్లినాథుని నాటి అర్థమునకు ఇది దగ్గర.