క్షురం, క్షవరం, కల్యాణకట్ట

భివండీ పట్టణంలో నాగావ్ మరమగ్గాల షెడ్ల మధ్య నుంచి నడిచి వెళ్తే, గడ్డం గీసే మనిషికి ఒకే వీధిలో మూడు పేర్లు వినిపిస్తాయి. మరాఠీలో న్హావీ, ఉర్దూలో హజ్జామ్, సిరిసిల్ల, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చిన మన నేత కుటుంబాల ఇళ్లలో మంగలి. విచిత్రమేమంటే, ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ వెంట్రుకలు తీసేవాడని అర్థం లేదు. న్హావీ సంస్కృత నాపిత శబ్దానికి చుట్టం. ఆ నాపిత శబ్దం స్నానం చేయించడమనే అర్థమున్న ధాతువు నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిందని భాషావేత్తలు భావిస్తారు. హజ్జామ్ అరబ్బీ మాట. ఒంటికి కొమ్ము పెట్టి చెడు రక్తం లాగే వైద్యుడని దాని మూలార్థం. ఇక మంగలిలో ఉన్నది మంగళం, అంటే శుభం. ఇంగ్లీషువారి బార్బర్ మాత్రం గడ్డమనే అర్థమున్న లాటిన్ మాట నుంచి సూటిగా పుట్టింది.

ఇలా ఎందుకయిందని అడిగితే సమాధానం పనిలోనే ఉంది. పాత పల్లెలో మంగలివాడు గడ్డం గీయడంతో సరిపెట్టుకోలేదు. కురుపులు కోశాడు, కట్లు కట్టాడు. పెళ్లిలోనూ గుడిలోనూ సన్నాయి, డోలు వాయించాడు. ఆ ఇంటి ఆడవాళ్లు ఎన్నో ఊళ్లలో పురుళ్లు పోశారు. పుట్టుక, పెళ్లి, చావు మూడింటిలోనూ అతను లేనిదే కార్యం నడవదు.

మరి గొరగడం ఎప్పటి నుంచి ఉంది? మొహెంజొదారోలో దొరికిన, పురోహిత రాజు అని పేరుపడ్డ శిల్పాన్ని చూడండి. గడ్డం చక్కగా కత్తిరించి ఉంది, పై పెదవి నున్నగా ఉంది. అంటే నాలుగు వేల ఏళ్లకు పూర్వమే మన ఉపఖండంలో ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీయాలి అన్న రుచి ఏర్పడిందన్నమాట. భాష ఇచ్చే సాక్ష్యం ఇంకా ముచ్చటయినది. సంస్కృతంలో మంగలికత్తికి క్షురం అని పేరు, గ్రీకులో క్సురోన్. ఇది ఒకరి దగ్గర ఒకరు తీసుకున్న మాట కాదు, ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకుల నుంచి వచ్చిన ఆస్తి. ఆ భాషలు విడిపోకముందే వారికి అలాంటి పదునైన పనిముట్టు, దానికొక పేరు ఉన్నాయని దీన్నిబట్టి ఊహించవచ్చు. రోమనుల సంగతి వేరు. క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో సిసిలీ నుంచి మంగళ్లు వచ్చేదాకా తమవాళ్లు గడ్డాలతోనే ఉన్నారని ప్లినీ రాశాడు.

క్షురం నుంచి క్షౌరం, దాని నుంచి వాడుకలో క్షవరం వచ్చాయి. కానీ తెలుగుకు సొంత క్రియ ఒకటుంది: గొరుగు. ఇప్పుడది మోటుగా వినిపిస్తుంది కనుక మర్యాదస్థులు వాడరు. గడ్డం గీసుకున్నాను అనో, చేయించుకున్నాను అనో అంటారు. ఈ 'చేయించుకోవడం' గమనించదగ్గది. గడ్డం చేయించుకున్నానంటే గడ్డం తీయించుకున్నానని అర్థం. మరాఠీలో దాఢీ కరణే, హిందీలో దాఢీ బనానా కూడా అంతే. లేకుండా చేయడాన్ని 'చేయడం' అనడంలో మన మూడు భాషలూ ఏకమయ్యాయి. కాబట్టి నాగావ్‌లో పెరిగిన పిల్లవాడు "దాడీ చేసుకున్న" అంటే అతని తెలుగు చెడిందని తొందరపడి అనకూడదు. నామవాచకం మాత్రమే మారింది, వాక్యం ఎముక తెలుగుదే.

మీసం మాట తమిళ, కన్నడ, మలయాళాలకూ మనకూ ఉమ్మడి. గడ్డం మాట అలా కాదు. తమిళులు ఉత్తరాది నుంచి తాడి అనే మాట తెచ్చుకున్నారు. మనమూ కన్నడిగులమూ గడ్డంతో చుబుకాన్నీ, దాని మీది వెంట్రుకలనూ రెంటినీ చెప్పుకుంటాం. అందుకే నున్నగా గీసుకున్నవాడిని కూడా గడ్డం పట్టుకుని బతిమాలవచ్చు.

మన సమాజంలో ఈ రెంటికీ గౌరవం సమంగా లేదు. మీసం పౌరుషానికి గుర్తు. దాన్ని దువ్వుతారు, మెలేస్తారు, దాని మీద పందెం కాస్తారు. తిండికి గతిలేకపోయినా మీసాలకు సంపెంగ నూనె కావాలనేవాడిని సామెత ఎగతాళి చేస్తుంది, కానీ అందులోనూ మీసానిదే పెద్దపీట. తండ్రి బతికి ఉండగా మీసం తీయకూడదని ఇప్పటికీ చాలా ఇళ్లలో అంటారు. తండ్రి పోయినప్పుడు తలతోపాటు అదీ తీస్తారు కనుక. గడ్డానికి వచ్చేసరికి అది ఏదో ఒక కారణం చెప్పుకోవాల్సిన విషయం. సన్యాసమా, దుఃఖమా, అయ్యప్ప దీక్షా? భార్య నెల తప్పితే భర్త క్షవరం మానాలన్న ఆచారం ఉన్నందువల్ల "ఇంట్లో ఏమన్నా విశేషమా" అని నవ్వుతూ అడిగేవాళ్లూ ఉంటారు. పక్క షెడ్డులో పనిచేసే అన్సారీ పెద్దాయనకు గడ్డం ధర్మం, మీసం కత్తిరించవలసినది. మన మగ్గం పనివాడికి సరిగ్గా తిరగబడి, మీసం పరువు, గడ్డం అశ్రద్ధ. ఒకే ముఖాన్ని ఇద్దరూ రెండు రకాలుగా చదువుతారు. ఇందులో ఒకరిది నాగరికత, మరొకరిది మొరటుతనం అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

వారాల పట్టింపు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మంగళ, శుక్రవారాల్లో క్షవరం కూడదంటారు; తెలుగు జిల్లాల్లో మంగళవారం సెలూన్లు మూసి ఉండడం మామూలు. భివండీలో మరమగ్గాలకు వారపు సెలవు శుక్రవారం. తీరిక దొరికే రోజున కత్తి తగలకూడదని నాయనమ్మ ఆంక్ష పెడుతుంది. నాయనమ్మలు ఎన్ని ఇళ్లలో నెగ్గుతున్నారో మేము లెక్కపెట్టలేదు!

అసలు విషయానికి వద్దాం. తెలుగులో క్షవరానికి సంబంధించిన మాటలు రెండు గూళ్లలో ఉన్నాయి. ఒక గూటిలో అన్నీ శుభాలే. వెంట్రుకలు దేవుడికిస్తే అవి వెంట్రుకలు కావు, తలనీలాలు. తిరుమలలో వాటిని తీసే చోటు కల్యాణకట్ట. రెండో గూటిలో అన్నీ నష్టాలూ అవమానాలే. మోసపోయినవాడికి క్షవరం అయిందంటాం, గుండు గీశారంటాం. క్షవరమైతేగాని వివరం తెలియదని సామెత. అన్నిటికన్నా క్రూరమైనది ముండ అనే తిట్టు. సంస్కృతంలో ముండ శబ్దానికి గొరిగిన తల అని మాత్రమే అర్థం. బ్రాహ్మణ కుటుంబాల్లో భర్త పోయిన స్త్రీకి తల గొరిగించే ఆచారం వల్ల అది తెలుగులో వితంతువుకు పేరయింది, ఆపైన తిట్టయింది. ఆచారం కొన్ని కులాలదే అయినా తిట్టు ఊరందరికీ అలవాటయింది.

వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించడం మనవాళ్లందరికీ తెలుసు. బొంబాయిలో జరిగినది అంతగా తెలియదు. 1890లో ఆ నగరంలోని క్షురకులు సమావేశమై, వితంతువుల తల మీద ఇకపై కత్తి పెట్టబోమని నిర్ణయించుకున్నారు. వారి వెనుక నిలిచినవాడు కార్మిక నాయకుడు, సత్యశోధక సమాజ సభ్యుడు నారాయణ్ మేఘాజీ లోఖండే. అదే సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో కామాఠీపురా తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. సంస్కర్తలు శాస్త్రాలు తిరగేసి వాదించే విషయంలో, కత్తి పట్టినవాళ్లు కత్తి దించుతామన్నారు. దీన్ని మన పాఠ్యపుస్తకాలు పట్టించుకోకపోవడం అన్యాయమని మా అభిప్రాయం.

కత్తి పట్టినవాడి స్థితి ఏమిటి? 1540ల నాటి శాసనాలు కొన్ని కన్నడ, తెలుగు ప్రాంతాల్లో దొరికాయి. సదాశివరాయల పేర రాజ్యం నడిపిన అళియ రామరాయలు కొండోజు అనే క్షురకుడి పనితనానికి మెచ్చాడనీ, మంగళ్ల మీద పన్నులూ వెట్టీ తీసివేయించాడనీ వాటివల్ల తెలుస్తుంది. కొండోజు తనకు మాన్యం పుచ్చుకుని ఊరుకుంటే అతని పేరు ఇన్ని రాళ్ల మీద ఉండేది కాదు. అయితే రాజు మాట ఎంతకాలం నిలిచింది? నిజాం రాజ్యంలో దొరల గడీల్లో చాకలి, మంగలి కులాలవారు వెట్టి చేస్తూనే ఉన్నారు; 1946లో మొదలైన తెలంగాణ సాయుధ పోరాటానికి ఆ వెట్టి ముఖ్య కారణాల్లో ఒకటి. మిగతా ఊరి కోసం చేసిన పనికి కళ్లంలో ఏడాదికింత ధాన్యం ఇచ్చేవారు. రేటు అడిగే హక్కు లేదు, గిరాకీని వద్దనే హక్కు అసలే లేదు.

నాగావ్‌లో పరిస్థితి వేరు. ఇక్కడ అద్దం ముందు కూర్చున్నవాడు కులం చెప్పక్కర్లేదు, డబ్బిస్తే చాలు. కత్తి పట్టినవాడు ఉత్తరప్రదేశ్ ముస్లిం కావచ్చు, మరాఠీ న్హావీ కావచ్చు, మన జిల్లావాడే కావచ్చు. బ్లేడు కొత్తది వేయమని ఇతను, ముందు ఎవరు వచ్చారో ఆ వరుసలో కూర్చోమని అతను, ఇద్దరూ సమానంగానే దబాయించుకుంటారు. కానీ మాట ఇంకా పల్లెలోనే ఉండిపోయింది. తాతలు ఊరు విడిచిన నాటి తెలుగే మీ ఇళ్లలో భద్రంగా ఉంది. దానిలో ఎన్నో మంచి మాటలు మిగిలాయి, వాటితోపాటు "మంగలోడు" కూడా మిగిలింది. తెలుగు రాష్ట్రాల్లో ఈనాడు ఆ కులంవారు తమను నాయీ బ్రాహ్మణులని చెప్పుకుంటారు. ఎదుటి మనిషిని మంగలోడా అని పిలిస్తే అది తిట్టే. పుట్టుకతో శుభమైన మాట నీచార్థంలోకి దిగడానికి మాట తప్పేమీ లేదు, పలికినవాళ్ల గొంతులో ఉన్నదే దానికి అంటుకుంది. మంగలికత్తి, మంగలిపొది అని వస్తువులకు వాడుకోవచ్చు, శాసనాల గురించి రాసేటప్పుడూ వాడక తప్పదు. మనిషిని పిలవడానికి మాత్రం వద్దు. అన్నా అనో, పేరు తెలిస్తే పేరుతోనో పిలవండి.

ఈ వేసవిలో పుట్టువెంట్రుకలకు వేములవాడ వెళ్లే కుటుంబాలు మీలో ఎన్నో ఉంటాయి. మేనమామ ఒడిలో బిడ్డను కూర్చోబెట్టి మొదటి కత్తెర వేయించేటప్పుడు అక్కడి పెద్దవాళ్లు ఏయే మాటలు అంటారో, ఏ మాట అనబోయి నాలుక కరుచుకుంటారో వినండి. మరాఠీలోనో హిందీలోనో మీరు అదే సంగతి ఎలా చెబుతారో పక్కనే రాసుకోండి. వచ్చే సంచికలో వాటిని కలిపి చూద్దాం.