నీట మానవదేహ సాంద్రత
ఓరుగల్లు సీమలో సాంద్రతను గూర్చి బోధించు ఉపాధ్యాయునకు ఉదాహరణము వెదకుకొను ప్రయాస లేదు. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటయందు నిర్మింపించినదియు, 1213 నాటి శాసనము గలదియు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినదియు నైన రామప్ప దేవాలయపు విమానమునకు వాడిన ఇటుకలు నీటిపై తేలునట్టివి. వాని సూక్ష్మరంధ్రములలో గాలి నిండియుండుటయే అందులకు హేతువు. ఇటుక తేలునని విన్న బాలునకు వెంటనే తోచు ప్రశ్న మరియొకటి కలదు: మరి నేను తేలుదునా, మునుగుదునా?

ఈ ప్రశ్నకు పుస్తకము చూచి బదులు చెప్పుటకంటె బాలునిచేతనే కొలిపించుట మేలని నా దృఢవిశ్వాసము. దేహమును తూచుట సులభము. చిక్కంతయు ఘనపరిమాణము కడనే యున్నది. వ్రేళ్లు, చెవులు, మడతలు గల ఈ రూపమునకు రేఖాగణిత సూత్రమేదియు సరిపడదు గావున, మునిగిన వస్తువు తన ఘనపరిమాణమునకు సమానమైన నీటిని తొలగించునని ఆర్కిమెడిస్ చూపిన మార్గమే శరణ్యము. పాఠశాల ఆవరణమున 200 లీటర్ల డ్రమ్ములో ముప్పాతిక వంతు నీరు నింపవలెను. మేస్త్రీలు మట్టము చూచుటకు వాడు గొట్టము వంటిదానిని డ్రమ్ము అడుగున అమర్చి వెలుపల నిలబెట్టినచో, లోపలి నీరు ఊగుచున్నను గొట్టములోని నీరు అంతగా చలింపదు. ఆ గొట్టముపై నీటిమట్టమున తొలి గీత గీయవలెను. విద్యార్థి బట్టలను ముందే తడుపుకొనవలెను. పొడిబట్టలు పీల్చుకొను నీరు లెక్కను చెరచును. ఉపాధ్యాయుడు ప్రక్కనే యుండగా అతడు మోకాళ్లు ముడుచుకొని తలతోకూడ క్షణకాలము మునిగినప్పుడు పై గీత గీయవలెను. నిండు ఊపిరితో దిగినవాడు పైకి తేలివచ్చును గావున, ఒక రెండు కిలోల తూకపురాయిని చేత బట్టుకొనవచ్చును. దాని ఘనపరిమాణమును వేరుగా కొలిచి తీసివేయవలెను. అతడు వెలికివచ్చిన పిదప, తొలి గీతనుండి పై గీతవరకు ఎన్ని లీటర్లు పట్టెనో కొలపాత్రతో పోసి చూచిన చాలును. ఊపిరి బిగబట్టుటలో పందెములు మాత్రము ఎన్నడును కూడదు.

42 కిలోల బాలుడు నిండు ఊపిరితో 42.9 లీటర్లును, ఊపిరి విడిచి 40.6 లీటర్లును తొలగించెననుకొందము. మొదటి సాంద్రత లీటరుకు 0.979 కిలోలు, రెండవది 1.034. మంచినీటి సాంద్రత యొకటి. అనగా ఒకే దేహము, ఒకే తూకము, కేవలము గాలిచేత నీటికి ఈవలను ఆవలను నిలుచుచున్నది. మన పల్లెలలో సొరబుర్ర నడుమునకు గట్టుకొని బావిలో ఈత నేర్చినవారు, ఊపిరితిత్తులు చేయు పనినే మరియొక గాలిబుర్రచేత చేయించుకొనిరి.

కొవ్వు సాంద్రత సుమారు 0.9, తక్కిన దేహభాగముల సాంద్రత సుమారు 1.1 గావున, ఈ కొలతనుండి కొవ్వు పాలును గణింపవచ్చును. 1942లో అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకేయు అతని సహచరులును ఈ మార్గముననే, పట్టికల ప్రకారము అధిక భారులైన ఫుట్‌బాల్ ఆటగాండ్ర బరువు కండరములదే గాని కొవ్వుది కాదని నిరూపించిరి. అయినను తరగతిలో ఈ లెక్కకు పోరాదు. ఆ డ్రమ్ములో ఒక మిల్లీమీటరు పొరపాటు పావు లీటరగును. అది కొవ్వు లెక్కను ఇంచుమించు నూటికి మూడు పాళ్లు తప్పించును. పైగా ఆ సూత్రములు పెద్దలకై కల్పింపబడినవి. తప్పు లెక్కతో ఒక బాలికను తోటివారి యెదుట లావైనదని తేల్చుట ఘోరమైన అన్యాయము.

చెప్పితీరవలసిన లెక్క వేరొకటి కలదు. పాకాల, రామప్ప, లక్నవరము, భద్రకాళి వంటి చెరువులు గల ఈ ప్రాంతమున అది ప్రాణములతో ముడివడినది. మన బాలుడు నిండు ఊపిరితో తేలునప్పుడు నీటికి వెలుపల నిలువగలిగిన దేహభాగము కేవలము 0.9 లీటరు, ముఖమును ఆకాశమువైపు త్రిప్పినచో ముక్కునకు, నోటికి అది చాలును. రెండు చేతుల భారము దేహభారములో సుమారు పదవవంతు, అనగా నాలుగు కిలోలకు పైగా నుండును. భయముచేత చేతులెత్తి కేకవేయువాడు ఆ నాలుగు కిలోలను నీటిపై మోయవలెను. కేకతో లోని గాలియు వెడలిపోవును. అంతట తల మునుగక తప్పదు.