ఎండిన ఏటికి ఉన్నట్టుండి వచ్చే వరద

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల ఏర్లలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది. ఐరాల మండలం కాణిపాకంలో వినాయకుడి గుడి పక్కనున్న బహుదా నదీ అలాంటిదే. ఎగువన గట్టి వాన పడితే మాత్రం ఈ ఏర్లు గంటల్లోనే ఒడ్లు ఒరుసుకుని పారతాయి. వాన మొదలైన ఆరు గంటల్లోపే ముంచుకొచ్చే ఇలాంటి ప్రవాహాన్ని మెరుపు వరద అంటారు. గోదావరిలోనైతే భద్రాచలం దగ్గర నీటిమట్టం చూసి ధవళేశ్వరంలో ముందే జాగ్రత్తపడవచ్చు. మెరుపు వరద అంత వ్యవధి ఇవ్వదు.

దీనికి మొదటి కారణం నేల తీరు. ఇక్కడి కొండలు చాలావరకు రాతి గుట్టలు, వాటి మీద మట్టి పలుచన. పడిన వాన ఇంకకుండా వంకల్లోకి జారిపోతుంది. చదరపు కిలోమీటరు మేర 10 సెంటీమీటర్ల వాన కురిస్తే 10 కోట్ల లీటర్ల నీరవుతుంది. రెండో కారణం కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండాలు వరసగా వస్తాయి. నవంబరు నాటికి నేల తడిసి, చెరువులు నిండి ఉంటే ఆపైన కురిసిందంతా కిందికే పోతుంది.

రాయలసీమ చెరువులు చాలాచోట్ల గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండితే మరవ పారి, ఆ నీరు వంక వెంట కింది చెరువుకు చేరుతుంది. మరవకు అడ్డంకులున్నా, వంక ఆక్రమణల పాలైనా నీరు కట్ట మీదికి ఎక్కుతుంది. మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే వెనక వాలు కోసుకుపోయి, చిన్న పాయ కాసేపట్లోనే పెద్ద గండి అవుతుంది. ఎలుక బొరియలు, కుళ్ళిన వేళ్ళ సందుల్లోంచి నీరు ఊరడం మరో ప్రమాదం. ఊట తేటగా ఉంటే కొంత నయం. బురదగా మారిందంటే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే. పై చెరువు తెగితే ఆ నీరంతా ఒక్కసారిగా కింది కట్ట మీద పడుతుంది.

2021 నవంబరులో ఇదే జరిగింది. వాయుగుండం వానలకు చెయ్యేరు పొంగి, 19వ తేదీ తెల్లవారుజామున రాజంపేట దగ్గరి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. అంతకుముందే ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. పులపుత్తూరు, మందపల్లి వంటి ఊళ్ళు మునిగి, పదుల మంది ప్రాణాలు కోల్పోయారు. రెండు రోజులకు రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టలో నీరు ఊరడంతో దిగువ ఊళ్ళను ఖాళీ చేయించి, కట్టను పటిష్ఠం చేశారు. ఆ చెరువు తెగలేదు.

ఉన్నట్టుండి నీరు విరుచుకుపడే తీరులు మరో రెండున్నాయి. కొద్దిపాటి ప్రాంతంలో గంటలో 10 సెంటీమీటర్లకు పైగా వాన కుమ్మరిస్తే మేఘ విస్ఫోటం. ఇది హిమాలయ ప్రాంతాల్లో ఎక్కువ. తుపాను గాలులు సముద్రాన్ని ఒడ్డు మీదికి నెట్టితే ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని బలిగొన్నది అదే.

మెరుపు వరదల్లో చాలామంది పొంగుతున్న వాగు దాటబోయి చనిపోతారు. వేగంగా పారే నీరు చీలమండలు మునిగేంత ఉన్నా మనిషిని పడదోయగలదు. 30 సెంటీమీటర్ల లోతులో చిన్న కారు తేలిపోతుంది, 60 సెంటీమీటర్లలో చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. బురదనీటి కింద కాజ్‌వే ఉందో, కోతకు గురైందో పైకి తెలియదు. ఉధృతి తగ్గేదాకా ఆగడమే క్షేమం.