శిక్షణ ఇచ్చి చేతులు కట్టేస్తే ఎలా?

1/4, 1/8లలో ఏది పెద్దదని ఐదో తరగతి పిల్లల్ని అడిగి చూడండి. 1/8 అనేవాళ్లు చాలామందే ఉంటారు. నాలుగు కన్నా ఎనిమిది పెద్దది కదా అని వాళ్ల లెక్క. తప్పని చెబితే జవాబు దిద్దుకుంటారు గానీ ఆ లెక్క బుర్రలో అలాగే ఉండిపోతుంది. ఒకే కొలత కాగితాలు రెండు ఇచ్చి, ఒకదాన్ని నాలుగు, ఇంకోదాన్ని ఎనిమిది సమభాగాలుగా మడతపెట్టించి, ముక్కలు పక్కపక్కన పెట్టిస్తే వాళ్లకే తెలుస్తుంది. దానికి మరో రెండు పీరియడ్లు కావాలి. అవి తీసుకునే అధికారం టీచరుకు ఉందా?

2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ టీచరు మీద పెట్టిన బాధ్యతల్లో రెండు పక్కపక్కనే ఉన్నాయి. గడువులోగా సిలబస్ అంతా పూర్తి చేయాలి. ప్రతి బిడ్డకూ ఎంత వచ్చిందో చూసి, అవసరమైతే అదనంగా బోధించాలి. రెండూ న్యాయమైనవే. కానీ తనిఖీలో మొదటిది రికార్డులో ఇట్టే కనిపిస్తుంది, రెండోది కనిపించదు. ఇక టీచరు దేనికి భయపడతారో చెప్పనక్కర్లేదు.

2020 జాతీయ విద్యావిధానం ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. బోధన పద్ధతిని ఎంచుకోవడంలో టీచర్లకు మరింత స్వేచ్ఛ ఇవ్వాలని కూడా అదే పత్రం చెప్పింది. గంటలు లెక్కపెట్టడం తేలిక, స్వేచ్ఛ ఇవ్వడం కష్టం. శిక్షణేమో తరచుగా రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి దిగివస్తుంది. తరగతిలో పుట్టిన సందేహం పైకి వెళ్లే దారి మాత్రం సన్నగా ఉంటుంది.

స్వేచ్ఛ ఇస్తే పాఠాలు చెప్పడమే మానేస్తారన్న భయం కొందరిది. జపాన్‌ను చూడండి. అక్కడ పాఠ్యప్రణాళికకు ప్రమాణాలు ప్రభుత్వానివే. అయినా 'జుగ్యో కెంక్యూ' పేరిట టీచర్లు కలిసి ఒక పాఠం తయారుచేసుకుంటారు. ఒకరు బోధిస్తుంటే మిగతావారు పిల్లలు ఎలా ఆలోచిస్తున్నారో, ఎక్కడ ఆగిపోతున్నారో గమనించి రాసుకుంటారు. తర్వాత కూర్చుని ఆ పాఠాన్ని చర్చిస్తారు. తోటి టీచర్ల కళ్లెదుట చెప్పే పాఠానికి అంతకు మించిన జవాబుదారీతనం ఏముంటుంది?

మనకు చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి. వాటిలో సర్క్యులర్లకు సమయం తగ్గించి, ఒక్క పాఠం ఇలా చూడనివ్వాలి. వార్షిక ప్రణాళికలో కొన్ని పీరియడ్లు టీచరు నిర్ణయానికే వదిలేయాలి. తల్లిదండ్రులకూ ఒక మనవి: బడికి వెళ్లినప్పుడు సిలబస్ ఎంతవరకు అయిందని అడిగే ముందు, మా బిడ్డకు ఎక్కడ అర్థం కావడం లేదని అడగండి.