పట్నం వచ్చిన మెహమాన్‌కు ఏ పూట ఎక్కడ భోజనం?

ఊరి నుంచి చుట్టాలు వస్తున్నారని కబురు అందగానే హైదరాబాద్‌లో ఉండేవారికి రెండు ఆలోచనలు వస్తాయి. వారికి పడక ఎక్కడ వేయాలి? ఒక పూట బయట ఎక్కడ తినిపించాలి? మొదటిదానికి ఇంట్లో ఒక చాప, ఒక దుప్పటి ఉంటే చాలు. రెండోదానిలోనే మనలో చాలామంది పొరపాటు చేస్తాం. మేమూ చేశాం.

కొన్నేళ్ల క్రితం నంద్యాల దగ్గరి పల్లె నుంచి మా ఖాలాజాన్, ఖాలూజాన్ కంటి వైద్యం కోసం వచ్చారు. డాక్టరుకు చూపించిన సాయంత్రం దీపాల వెలుగులో మెరిసిపోతున్న ఒక పెద్ద హోటలుకు తీసుకువెళ్లాం. గొప్పగా మర్యాద చేయాలన్న తొందరలో బిర్యానీలు, కబాబులు, రెండు రకాల కూరలు, మీఠా, అన్నీ ఒకేసారి చెప్పేశాం. బల్ల నిండిపోయింది. ఖాలాజాన్ బిత్తరపోయి, ‘‘బేటా, ఇదంతా మనమే తినాలా?’’ అన్నారు. సగం మిగిలింది. బిల్లు రాగానే ఖాలూజాన్ మా చేతిని పక్కకు నెట్టి తానే కట్టేశారు. పెద్దవారు, కాదనలేకపోయాం. మరునాడు మందుల దుకాణంలో ఆయన చీటీ చూపించి, ‘‘ప్రస్తుతానికి సగం ఇవ్వండి చాలు’’ అని అడగడం విన్నాం. మిగతా సగం డబ్బు ఎక్కడ పోయిందో మాకు తెలుసు. ఇస్రాఫ్ తప్పని పిల్లలకు పాఠం చెప్పే మేమే దుబారాకు కారణమయ్యాం. మిగిలిన మందులు మేమే కొనిచ్చాం గానీ, ఆ సిగ్గు మాత్రం మిగిలిపోయింది.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. బోర్డు చూసి కాదు, పూట చూసి, వచ్చినవారి ఆరోగ్యం చూసి, జేబు చూసి హోటలు ఎంచుకోవాలి. యునెస్కో 2019లో హైదరాబాద్‌ను ఆహార కళల నగరంగా గుర్తించింది. ఇక్కడ ప్రతి వంటకానికీ ఒక వేళ ఉంది, ఒక పేట ఉంది. అది తెలిస్తే తక్కువ ఖర్చులోనే మంచి రుచి దక్కుతుంది.

పొద్దున్నే నహారీ

మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగినవారికి పాతబస్తీ దగ్గర. అఫ్జల్‌గంజ్ దాటి, నయాపూల్ మీదుగా మూసీని దాటితే మదీనా చౌరస్తా వస్తుంది. ఆ దారిలోనే నయాబ్ హోటల్ ఉంది. ఫజర్ నమాజు తర్వాత అక్కడ నహారీ, కుల్చా తినేవారితో సందడిగా ఉంటుంది. అరబీలో నహార్ అంటే పగలు. పొద్దున్నే తినేది కనుక నహారీ అయింది. మేక కాళ్లు, నాలుక రాత్రంతా సన్నని సెగ మీద ఉడికి చిక్కని పులుసవుతాయి. పొద్దెక్కే కొద్దీ గిన్నె అడుగంటుతుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు.

అయితే నహారీలో నూనె తేలుతుంది. గుండె జబ్బు ఉన్న పెద్దలకు అది వద్దు. వారికి ఖిచిడీ, ఖట్టా చెప్పండి. కావాలంటే పక్కన కాస్త ఖీమా. హైదరాబాదీ ఇళ్లలో ఉదయం వండుకునేది అదే, కడుపుకు తేలిక. వెంట శాకాహారి మిత్రులు ఉంటే ఆబిడ్స్‌లోని తాజ్‌మహల్ హోటల్‌లో ఇడ్లీ, దోశ బాగుంటాయి. తోడు వచ్చినవారిని ఖాళీ కడుపుతో కూర్చోబెట్టి మనం తినడం మర్యాద కాదు.

చాయ్‌కి చార్మినార్

1591 నాటి చార్మినార్‌ను చూడకుండా ఎవరూ ఊరికి వెళ్లరు. ఆ పక్కనే నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తీసుకోండి. ఇరానీ చాయ్‌కి డికాక్షన్ వేరుగా మరుగుతుంది, పాలు వేరుగా చిక్కబడతాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. ఉస్మానియా బిస్కెట్టుకు ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరు మీదుగా ఆ పేరు వచ్చిందంటారు. కాస్త ఉప్పు, కాస్త తీపి ఉండే ఆ బిస్కెట్టు పళ్లు లేని పెద్దలకు కూడా నోట్లో వెన్నలా కరుగుతుంది. రెడ్‌హిల్స్ వైపు వెళ్లేవారికి కేఫ్ నీలోఫర్ ఉంది. మేము మదర్సాలో చదువుకునే రోజుల్లో ఒక చాయ్‌ని వన్ బై టూ చేసుకుని గంటసేపు కూర్చునేవాళ్లం. ఇప్పటికీ అలా అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

శుక్రవారం జుమా వేళకు మక్కా మసీదు చుట్టుపక్కల దారులు కిక్కిరిసిపోతాయి. ముసలివారు, చంటిపిల్లలు వెంట ఉంటే ఆ సమయంలో అటు తిప్పకండి.

మధ్యాహ్నం బిర్యానీ

హైదరాబాద్ బిర్యానీ అంటే కచ్చీ బిర్యానీ. మసాలా, పెరుగు పట్టించిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూతకు పిండి అంటించి దమ్ పెడతారు. మాంసం, బియ్యం ఒకేసారి ఉడకాలి. అందులోనే వంటవాడి నేర్పు ఉంది. పాతబస్తీలో ఉన్నవారు హైకోర్టు దారిలోని షాదాబ్‌కు వెళ్లవచ్చు. సికింద్రాబాద్‌లో దిగినవారికి 1953 నుంచి ఉన్న ప్యారడైజ్ దగ్గర, ఆ పేరుతోనే మెట్రో స్టేషను ఉంది. బషీర్‌బాగ్ వైపు కేఫ్ బహార్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బావర్చీ ఉన్నాయి. బావర్చీ పేరుతో నగరంలోనూ జిల్లాల్లోనూ ఎన్నో బోర్డులు కనిపిస్తాయి. పేరు ఒకటే అయినంత మాత్రాన వంట ఒకటి కాదు.

ఇక్కడే మేము నేర్చుకున్న పాఠం చెబుతాం. కూర్చోగానే మనిషికొక ప్లేటు చెప్పకండి. ఒక ప్లేటు ఎంతమందికి వస్తుందో బేరర్‌ను అడగండి. ముందు ఒకటి తెప్పించుకోండి, చాలకపోతే మరొకటి. బిర్యానీతో మిర్చీ కా సాలన్, పెరుగు చట్నీ ఎలాగూ ఇస్తారు, వేరే కూరతో పనిలేదు. తర్వాత ఖుబానీ కా మీఠా గానీ డబుల్ కా మీఠా గానీ ఒక్కటి తెప్పించి పంచుకుంటే సరి. ధరల పట్టిక ముందే చూడటం నామోషీ కాదు. అయినా మిగిలితే కట్టించుకోండి, బయట ఆకలితో ఉన్నవారు ఎవరో ఒకరు కనిపిస్తారు.

సాయంత్రం, రమజాన్

పిల్లలు ఉంటే సాయంత్రం మొజంజాహీ మార్కెట్‌కు తీసుకువెళ్లండి. 1935 నాటి ఈ రాతి కట్టడంలో పండ్లతో చేసిన ఐస్‌క్రీములు దొరుకుతాయి. సీతాఫలాల కాలంలో దాని రుచే వేరు. ఊరికి పట్టుకెళ్లడానికి ఆ వైపే హమీదీలో జౌజీ హల్వా ఉంది.

రమజాన్‌లో వచ్చేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పాతబస్తీలో పగటిపూట చాలా హోటళ్లలో భోజనం దొరకదు. రోగులకు, పిల్లలకు కావలసింది ఇంటి నుంచే టిఫిన్ డబ్బాలో తెచ్చుకోవడం మేలు. సాయంత్రం మాత్రం హలీం దేగ్‌లు తెరుచుకుంటాయి. గోధుమలు, మాంసం, నెయ్యి కలిపి గంటల తరబడి ఉడికించి, కర్రతో మెత్తగా మెదిపే ఈ వంటకానికి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. షాలిబండలో పిస్తాహౌస్, షాగౌస్, చౌరస్తాలో మదీనా ప్రసిద్ధి. ఇఫ్తార్ అయిన వెంటనే రద్దీ ఎక్కువ, మగ్రిబ్ తర్వాత కాసేపు ఆగి వెళితే పెద్దలకు నిలబడే శ్రమ తప్పుతుంది.

అడిగి తెలుసుకోవాలి

కొత్త హోటలులో జబీహా మాంసమేనా అని అడగడంలో తప్పులేదు. మర్యాదగా అడిగితే మర్యాదగానే చెబుతారు. ఫ్యామిలీ సెక్షన్ ఉందా, మెట్లు ఎక్కాలా, బాత్‌రూమ్ శుభ్రంగా ఉందా అన్నవి కూడా ముందే తెలుసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మను రెండో అంతస్తుకు ఎక్కించి పెట్టే బిర్యానీలో రుచి ఏముంటుంది? ఎక్కడ తినాలో మగవాళ్లమే తేల్చేస్తాం. ఒక్కసారి ఆడవాళ్లను కూడా అడిగి చూడండి.

ఆస్పత్రికి వచ్చినవారి సంగతి వేరు. ఉస్మానియా, నీలోఫర్, నిమ్స్‌లలో రోగికి తోడుగా వారాల తరబడి ఉండేవారికి రోజూ హోటలు భోజనం భారం. వారి కోసమే చెబుతున్నాం. నగరపాలక సంస్థ 2014లో 5 రూపాయల భోజనం ఆరంభించింది. 2025లో ఈ కేంద్రాలకు ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చారు. అన్నం, సాంబారు, కూర, పచ్చడి పెడతారు. శాకాహారమే కనుక జబీహా సందేహం లేదు. అక్కడ వరుసలో నిలబడటం చిన్నతనం కాదు. మిగిలిన డబ్బు మందులకు పనికొస్తుంది.

మరుసటి ఏడాది ఖాలాజాన్, ఖాలూజాన్ మళ్లీ వచ్చారు. ఈసారి నేల అంతస్తులోనే కూర్చోవడానికి వీలున్న హోటలు చూశాం. లోపలికి వెళుతూనే కౌంటర్‌లో మా డబ్బు ముందుగా ఇచ్చేశాం. ఖాలూజాన్ జేబులో చెయ్యి పెట్టే అవసరమే రాలేదు. ఒక ప్లేటు బిర్యానీ తెప్పించాం. కాసేపటికి ఇంకొకటి. చివర్లో ఒక మీఠా, 4 చెంచాలు. ప్లేట్లు ఖాళీ అయ్యాయి. ఖాలాజాన్ చేయి కడుక్కుని వచ్చి, ‘‘పోయిన సారి ఏం తిన్నామో గుర్తే లేదు బేటా. ఈసారి రుచి తెలిసింది’’ అన్నారు.

మీ ఇంటికి మెహమాన్ వచ్చినప్పుడు ఈ మాట గుర్తుంచుకుంటారని ఆశిస్తున్నాం.