గుల్ల వదలని సముద్రపు నత్త

నెట్‌లో 'సీ స్లగ్' అని కొట్టి చూడండి. నీలం, పసుపు, ఊదా రంగుల్లో పెళ్ళి మండపం డెకరేషన్‌లా మెరిసిపోయే జీవులు వరసగా వస్తాయి. ఇవన్నీ గుల్ల వదిలేసిన నత్తలు. ఆ ఫొటోల్లో సాధారణంగా కనపడని ఒక చిన్న నత్త గురించి నేను చెప్పబోతున్నాను. దాని పేరు ఆక్టియాన్.

యూరప్ తీరాల్లో ఇసుకలో కూరుకుని బతుకుతుంది. లేత గులాబీ రంగు గుల్ల, దాని మీద తెల్ల పట్టీలు, పొడవు రెండు మూడు సెంటీమీటర్లు. చూస్తే అచ్చం మామూలు నత్తే. అయినా పుస్తకాలు చాలాకాలం దీన్ని 'ఆదిమ సీ స్లగ్' అన్నాయి.

ఎందుకో తెలియాలంటే నత్త ఒంట్లోని మెలిక గురించి తెలియాలి. నత్త పిల్లదశలో ఉండగానే తల, పాదం అలాగే ఉండి, పైనున్న అవయవాల మూట మొత్తం 180 డిగ్రీలు తిరుగుతుంది. వెనక ఉండాల్సిన మొప్పలు, మలద్వారం తల మీదికి వచ్చేస్తాయి. (ఇలాంటి డిజైన్ రివ్యూలో పెడితే మన సార్లు ఊరుకుంటారా?) పొడవునా సాగే రెండు నాడీ తంతువులు ఒకదాన్నొకటి దాటి 8 అంకెలా పడతాయి.

సీ స్లగ్‌లు ఈ మెలికను చాలావరకు విప్పేసుకున్నాయి. మొప్పలు మళ్ళీ వెనక్కి జరిగాయి. అందుకే ఫ్రెంచి శాస్త్రవేత్త మిల్న్-ఎడ్వర్డ్స్ 1848లో వీటికి 'ఒపిస్తోబ్రాంకియా' అని పేరు పెట్టాడు, అంటే 'వెనక మొప్పలవి' అని.

ఆక్టియాన్ మాత్రం నడి మధ్యలో నిలబడింది. భయమేస్తే పూర్తిగా గుల్లలోకి దూరి మూత వేసుకుంటుంది, నాడులు ఇంకా 8 ఆకారంలోనే ఉన్నాయి. కానీ తల మాత్రం ఇసుకను దున్నడానికి నాగలిలా చదునైంది. పైగా గుల్ల కొనలో ఒక గుర్తుంది: పిల్లప్పటి చుట్టు ఒక దిక్కుకు, ఆ తర్వాత పెరిగిన చుట్లు ఇంకో దిక్కుకు తిరిగి ఉంటాయి. ఇది సీ స్లగ్‌ల వంశపు ముద్ర. అసలు గుల్లే లేని న్యూడిబ్రాంక్‌లకు కూడా పిల్లదశలో బుల్లి గుల్ల, మూత ఉంటాయి. అడుగున స్థిరపడే వేళ వాటిని వదిలేస్తాయి.

దాంతో అందరూ ఒక నిచ్చెన ఊహించుకున్నారు. కింది మెట్టు మీద ఆక్టియాన్, పై మెట్టు మీద న్యూడిబ్రాంక్. చూడ్డానికి బాగుంది, కానీ నిలబడలేదు.

మనకు తెలిసిన ఉదాహరణే చెప్తా. రెండు అసైన్‌మెంట్లలో సరైన జవాబు ఒకేలా ఉంటే కాపీ అనలేం, ఎవరికి వాళ్ళే చేసి ఉండొచ్చు. ఒకే వింత తప్పు రెండింటిలో ఉంటే మాత్రం దొరికిపోతారు. గుల్ల వదిలేయడం మొదటి రకం. వేర్వేరు వంశాలు విడివిడిగా చాలాసార్లు ఆ పని చేశాయి. కాబట్టి అది చుట్టరికానికి రుజువు కాదు. ఆ రెండో రకం గుర్తులు జన్యువుల్లో దొరుకుతాయి.

2010లో యోర్గర్, ఆమె సహచరులు జన్యువులు పోల్చి చూస్తే ఒపిస్తోబ్రాంకియా అనే కుటుంబమే చెదిరిపోయింది. ఆక్టియాన్ బయటికి వచ్చింది. నాచు రసం పీల్చే సాకోగ్లోసా స్లగ్‌లు వెళ్ళి మన పెరట్లో తిరిగే నేల నత్తల పక్షాన చేరాయి! అంటే రెండు స్లగ్‌లు ఒకేలా కనపడినా, అందులో ఒకదానికి దగ్గరి చుట్టం పెరటి నత్త కావచ్చు.

నాకు అసలు ఇబ్బంది 'ఆదిమ' అనే మాటతోనే. ఆక్టియాన్ లాంటి గుల్లలు డైనోసార్ల కాలపు రాళ్ళలో ఉన్న మాట నిజమే. కానీ ఇప్పుడు ఇసుకలో పురుగులను వేటాడుతున్న ఆక్టియాన్ కూడా న్యూడిబ్రాంక్ ఎన్నేళ్ళు మారుతూ వచ్చిందో అన్నేళ్ళూ మారుతూనే వచ్చింది. కొన్ని పాత లక్షణాలను అట్టే పెట్టుకుంది, అంతే. గుల్ల వదిలినవాళ్ళకు ఖర్చు లేదనుకోకండి. కొన్ని న్యూడిబ్రాంక్‌లు స్పాంజీలను తిని వాటి విషం దాచుకుంటాయి, కొన్ని హైడ్రాయిడ్‌ల కుట్టే కణాలను మింగి తమ వీపు మీద అమర్చుకుంటాయి. ఆక్టియాన్‌కు ఈ తిప్పలేవీ లేవు, మూత వేసుకుంటే చాలు.

2016లో ఇంకో మలుపు వచ్చింది. న్యూడిబ్రాంక్‌ల వంశానికి అతి దగ్గరి చుట్టం ఎవరని చూస్తే రింగిక్యులా తేలింది. ఒంటి మీద మందమైన గట్టి గుల్ల, కొన్ని మిల్లీమీటర్ల సైజు, బురదలో కాపురం. పాత నిచ్చెన మీద దీనికి దక్కింది కూడా కింది మెట్టే.